మూత లోపలి పేరు

ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు గానీ
ముంజేతి గడియారానికి కావాలి,
పదింతలు చేసి చూపే భూతద్దం.
కంటిగూట్లో ఇరికించుకుని
ఊపిరి బిగబట్టాలి.

ఆదివారం, పొద్దున ఆరున్నర. కోవెంట్రీ పొలిమేరలో
నాట్లకు దున్నినట్టున్న బురద మైదానం.
కార్ల డిక్కీలు నోళ్ళు తెరిచి
ఎవరివో టీ కప్పుల్నీ, ఒంటిచెవి కుందేలు బొమ్మల్నీ కక్కుతున్నాయి.
బిస్కెట్ల డబ్బా అడుగున
పట్టీలు తెగిన గడియారాలు
ఎండుచేపల్లా ఒకదాని మీదొకటి.
"ఏది తీసుకున్నా ఐదు పౌండ్లే" అన్నాడు అమ్మేవాడు,
చేతులు చంకల్లో దాచుకుని.

నల్లబడినదాన్ని ఏరుకున్నాను.
పెద్దముల్లు ఊడి అద్దం లోపల పడి ఉంది,
రాలిన కనురెప్ప వెంట్రుకలా.

మందుల షాపులో రోజంతా
బ్యాచి నంబర్లూ గడువు తేదీలూ చదివే కళ్ళు నావి.
ముఖం మీది పేరును నమ్మను.
ముఖాలకు రంగు వేస్తారు, అంకెలు మళ్ళీ దిద్దుతారు,
చచ్చిన నాలుగింటిని అతికి
బతికిన ఒకదాన్ని చేసి అమ్ముతారు.
నిజం చెప్పేది వీపు.

గోరు పట్టని సందులో కత్తిమొన పెట్టి తిప్పాను.
చిక్కుడుకాయలా చిట్లింది మూత.
లంగరు గుర్తు: బర్మింగ్‌హాంలో పరీక్షకు నిలిచిన వెండి.
పక్కనున్న ఒంటి అక్షరం, అది పుట్టిన ఏడు.
పదిహేను కెంపులు, ఒక్కోటి ఆవగింజలో సగం.
మూత పైన, నగిషీ చెక్కి:
జి. హాలిస్‌కు, పాతికేళ్ళ కొలువుకు, కంపెనీ కానుక.

మూత లోపలి మాట వేరు.
సూదితో గీసిన గీతలు, చీమ నడిచిన జాడంత:
ఆర్.టి. 3-49.
ఆర్.టి. 10-53.
ఆర్.టి. 6-58.
బాగుచేసినవాళ్ళు తమకోసం రాసుకునేది,
బట్ట మడతలో చాకలి గుర్తులాంటిది.
తొడుక్కున్నవాడికి ఎప్పటికీ తెలియదు.

చాపెల్‌ఫీల్డ్స్ వీధుల్లో ఒకప్పుడు
ఇంటింటా గడియారాలు పుట్టేవట.
నాకు దొరికింది మేడమీద ఒక గది,
అందులో ఆబ్రీ సాచ్‌వెల్, ఎనభై రెండేళ్ళు.
మోకాళ్ళు వణుకుతాయి, వేళ్ళు వణకవు.
మూత చూశాడు.
భూతద్దం తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు,
మళ్ళీ పెట్టుకున్నాడు.

"రోజినా టకీ.
ఆ కిటికీ దగ్గర కూర్చునేది.
బోర్డు మీద మా నాన్న పేరు,
రసీదు మీద మా నాన్న పేరు.
ఆవిడ పేరు ఇదిగో, ఇక్కడ.
నేనూ ఇవాళే చూస్తున్నాను దీన్ని, ఇన్నేళ్ళకి.
ఈ మర చూడు, తల చెడింది. అది నా పనే.
పదిహేనేళ్ళవాణ్ణి. మొట్టికాయ వేసింది."
తల తడుముకున్నాడు, నిజంగానే,
వెంట్రుకలు లేనిచోట.

మూడు వారాలు పట్టింది.
ఐదు పౌండ్ల వస్తువుకు నలభై ఐదు తీసుకున్నాడు,
ఒక్క పెన్నీ తగ్గలేదు.
గుర్తు పెట్టారా అని అడిగాను.
పెట్టాను, కింద, కాస్త చోటు వదిలి, అన్నాడు.
బస్సులో మూత తీసి చూశాను.
ఏ.ఎస్.
ఆలస్యంగా బడికొచ్చి
గుమ్మం దగ్గరే నిలబడ్డ పిల్లాడిలా.

ప్రతి గడియారానికీ ఒక కార్డు రాస్తాను.
తయారీ, ఏడు, కెంపులు, కొన్న ధర.
రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది,
అదీ రాశాను.
రోజినాకు ఆ గళ్ళలో చోటు లేదు.

పెన్సిలు చెక్కాను.
కార్డు తిప్పాను.